ఇసుక, పలక, కడితం: పాత బడి నుంచి మన తరగతి దాకా

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మనలో చాలామందిమి అనుకుంటాం. పరీక్షల్లో అడిగేది కూడా ఎక్కువగా అదే. కానీ మనం రోజూ ఆరేడు గంటలు కూర్చునే తరగతి గదికి కూడా ఒక చరిత్ర ఉంది. నల్లబల్ల రాకముందు ఏమి ఉండేది? పుస్తకం కొనలేని పిల్లలు దేనిమీద రాసేవాళ్ళు? ఒకే అయ్యవారు, పది రకాల పిల్లలు ఉంటే పాఠం ఎట్లా నడిచేది? ఈ ప్రశ్నలకు జవాబు వెదికి నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ విషయం ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మా తరగతిలో పిల్లలందరూ ఒకే రకం కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉన్నారు, కన్నడం మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఒకసారి చెబితే పట్టుకునేవాళ్ళు, నాలుగుసార్లు చెబితే గానీ పట్టుకోలేనివాళ్ళు కూడా ఉన్నారు. పత్తి తీసే కాలం వస్తే కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ పిల్లలు తిరిగి వచ్చేసరికి పాఠం మూడు అధ్యాయాలు ముందుకు పోయి ఉంటుంది. "నువ్వు లేనప్పుడు అయిపోయింది" అంటాం. కొందరు ఇంక రావడమే మానేస్తారు. తిరిగి వచ్చిన పిల్ల ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా వెదికింది ఈ ఒక్క ప్రశ్నకే.

మన సీమ, మన భాషలు

మన యరగేర రాయచూరు జిల్లాలో, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న దోఆబులో ఉంది. ఈ నేల కోసం విజయనగరం వాళ్ళు, బహమనీలు, బీజాపూరు సుల్తానులు కొట్లాడిన సంగతి పాఠంలో చదివినాం. రాజులు మారినప్పుడల్లా ఇక్కడ రాత భాష కూడా మారింది. మస్కిలో 1915లో దొరికిన అశోకుడి శాసనం ప్రాకృతంలో ఉంది. నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. హైదరాబాదులో 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువులు కూడా ఉర్దూలోనే చెప్పినారు. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అదే జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశుకు పోయినాయి. 1973లో మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయ్యింది.

గీత గీసినంత మాత్రాన ఇంట్లో మాట మారదు కదా. అందుకే ఈ పక్క తెలుగు వాళ్ళు, ఆ పక్క కన్నడం వాళ్ళు మిగిలినారు. ఇట్లాంటి పిల్లల కోసమే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చినారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. మన తెలుగు బడికి ఆధారం అదే.

రాయచూరు కోట చూసినవాళ్ళకు ఒక పొడవాటి రాయి గుర్తుండే ఉంటుంది. 40 అడుగులకు పైనే పొడవున్న ఆ బండమీద, 1294లో కాకతీయుల కాలంలో గోరె గంగయ్య రెడ్డి కోట కట్టించిన సంగతి చెక్కి ఉంది. దానికి దగ్గరలోనే ఆ రాయిని బండిమీద పెట్టి దున్నపోతులు లాక్కొస్తున్న బొమ్మ కూడా చెక్కినారు. అక్షరం వచ్చినవాళ్ళు శాసనం చదువుకున్నారు, రానివాళ్ళు బొమ్మ చూసి తెలుసుకున్నారు. ఒకే సంగతిని రెండు దారుల్లో చెప్పడం అంటే ఇదే. ఇప్పుడు మన టీచర్లు బోధనోపకరణం అనేదానికి నాకు కనిపించిన మొదటి స్థానిక ఉదాహరణ ఆ బొమ్మే.

1823 నాటి ఒక నివేదిక

మన పక్క సీమ బడుల గురించి వివరంగా తెలిపే పాత కాగితం ఒకటి ఉంది. 1800లో నిజాం బళ్ళారి, కడప సీమలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. వాటినే దత్తమండలం అన్నారు. తుంగభద్రకు ఈవల ఉన్న మనం నిజాం కింద, ఆవల ఉన్న ఆదోని, మంత్రాలయం వైపు వాళ్ళు బళ్ళారి జిల్లాలో కంపెనీ కింద ఉండినారు. ఆ సీమకు మొదట కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. మంత్రాలయం మఠం కథల్లో మనం వినే మన్రో ఇతనే.

మన్రో తర్వాత మద్రాసు గవర్నరు అయినాడు. 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులు ఉన్నాయి, ఎంతమంది చదువుతున్నారు అని లెక్క తీయించినాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపినాడు. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. అందుకే తలలు లెక్కపెట్టి ఊరుకోకుండా, బడి లోపల ఏమి జరుగుతుందో కూడా రాసినాడు.

ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యిమందిలో సుమారు ఏడుగురు. సగటున ఒక బడికి 12 మంది.

భాషల లెక్క చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒకటి. సంస్కృతం చెప్పే చోట్లు ఇంకొక 23. ఒకే జిల్లాలో ఏడు భాషల్లో చదువు! తెలుగు, కన్నడం దాదాపు సరిసమానం. మన తరగతిలో రెండు మూడు భాషలు ఉండటం ఏదో కొత్తగా వచ్చిన ఇబ్బంది అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. 200 ఏండ్ల కిందట కూడా ఈ సీమ ఇట్లానే ఉండింది.

ఆ బడిలో ఒక రోజు

పొద్దున ఆరు గంటలకే బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవారు. అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇట్లా ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. 12 మంది ఉన్న బడిలో చివర వచ్చినవాడికి ఎన్ని పడతాయో నేను లెక్క వేసినాను: పది. నిద్రమత్తు వదలడానికి అది చాలు!

అందరూ వచ్చినాక పిల్లలను వాళ్ళ చదువును బట్టి విడదీసేవారు. మామూలుగా నాలుగు వరుసలు ఉండేవి. వయసును బట్టి కాకుండా, ఎవరు ఎంత నేర్చుకున్నారో దాన్ని బట్టి ఆ వరుసలు. నేర్చుకున్నవాడు పై వరుసకు పోతాడు, ఇంకా రానివాడు ఉన్నచోటే ఉండి నేర్చుకుంటాడు. కింది వరుసల పిల్లలకు కొంతవరకు పెద్ద వరుసల పిల్లలే చెప్పేవారు. పై వరుసలను అయ్యవారు చూసుకుంటూ, బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు.

అక్షరాలు నేర్పే పద్ధతి కూడా వేరే. ముందు పైకి చదివించడం కాదు, రాయించడమే. నేలమీద ఇసుక పరిచి, వేలితో దిద్దించేవారు. చేతికి అలవాటు అయినాక మిగతా సాధనాలు ఇచ్చేవారు.

ఇసుక ఉచితం. చెరిపితే పోతుంది. ఎన్నిసార్లు రాసినా కాగితం ఖర్చు లేదు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లకు ఇది ఎంత మేలో ఆలోచించండి. నోటుబుక్కులో కొట్టివేతలు ఎక్కువైతే మనకు సిగ్గు. ఇసుకలో కొట్టివేతే ఉండదు.

పలక, కడితం, బలపం

ఇసుక తర్వాత తాటాకు మీద గంటం, కాగితం మీద రెల్లు కలం, పలక లేదా కడితం మీద బలపం. క్యాంప్‌బెల్ రాసినదాని ప్రకారం ఈ సీమలో ఎక్కువగా వాడింది పలక, కడితమే.

అప్పటి పలక రాతి పలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. దాన్ని నున్నగా చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసేవారు. కడితం అంటే గుడ్డతో చేసిన పుస్తకం. గుడ్డకు గంజి పట్టించి, బిగుసుకున్నాక మడతలు మడతలుగా మడిచి, బొగ్గు, జిగురులు కలిపి పైన పూసేవారు. రెండింటి మీదా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

ఇది చదివినాక మేము నలుగురం కలిసి ఒక పలక తయారు చేసినాం. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క అడిగి తెచ్చుకున్నాం. అన్నం మెత్తగా నలిపి, పొయ్యి బొగ్గు దంచి జల్లెడ పట్టి, రెండూ కలిపి పూసినాం. ఒక పూత ఆరినాక ఇంకొకటి. రెండు పూతలకు నల్లగా నిలబడింది. సుద్దతో రాస్తే అక్షరం బాగా కనిపించింది. తడిగుడ్డతో తుడిస్తే కొంచెం బొగ్గు కూడా వచ్చింది గానీ పలక మళ్ళీ పనికొచ్చింది. ఖర్చు ఏమీ లేదు. మా అవ్వ చూసి, "మాకు యాడ పలకలప్పా, నేలే మాకు పలక. మా అన్న రాస్తాంటే పక్కన కూచోని చూసేదాన్ని, అంతే నా సదువు" అన్నది. అవ్వ అన్న ఆ మాట దగ్గరికి నేను మళ్ళీ వస్తాను.

ఈ సాధనాల పేర్లలో కూడా మన సీమ చరిత్ర ఉంది. తెలుగులో బలపం, కన్నడంలో బళప. తెలుగులో కడితం, కన్నడంలో కడత. ఇప్పుడు కర్ణాటకలో ఏ ఆఫీసుకు పోయినా ఫైలును కడత అనే అంటారు. గుడ్డ పుస్తకం పోయింది, పేరు మాత్రం మిగిలింది. తెలుగులో పలక, కన్నడంలో హలగె. ఇక్కడ ఒక సూత్రం దొరుకుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పువ్వు హూవు, పది హత్తు. పాత కన్నడంలో చాలా మాటలకు మొదట ఉన్న 'ప' తర్వాతి కాలంలో 'హ'గా మారింది. తెలుగులో 'ప' అట్లానే నిలిచింది. ఇది తెలిస్తే కన్నడం కష్టంగా ఉన్న తెలుగు పిల్లకు ఒక్క పూటలో పదిహేను మాటలు వస్తాయి. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లకు అదే సూత్రం తెలుగు నేర్పుతుంది.

మన సీమ పద్ధతి సీమ దాటిపోయింది

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి మన దేశంలోనే ఆగిపోలేదు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాదిరి 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపినాడు. ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో కూడా అట్లా చెప్పమన్నాడు. అక్కడి ఉపాధ్యాయుడు కుదరదన్నాడు. అప్పుడు బెల్ జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేండ్ల పిల్లవాడికి ఆ పని అప్పజెప్పినాడు. పెద్దాయన కాదన్న పని ఆ పిల్లవాడు చేసి చూపించినాడు.

బెల్ ఈ సంగతులు 1797లో లండనులో పుస్తకంగా అచ్చు వేయించినాడు. ఇంగ్లండులో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇట్లాంటి బడులే నడిపినాడు. అక్కడి బీదపిల్లల బడులు వేలకొద్దీ ఈ దారిలో నడిచినాయి. దానికి మద్రాసు పద్ధతి అనే పేరే వచ్చింది. బెల్ ఇచ్చిన డబ్బుతో స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్ ఊర్లో 1833లో కట్టిన బడికి మద్రాసు కాలేజీ అని పేరు. ఆ పేరు ఈనాటికీ ఉంది.

క్యాంప్‌బెల్ కూడా ఈ పద్ధతిని బాగా మెచ్చుకున్నాడు. తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, చెప్పేవాడికి కూడా చెబుతూ చెబుతూ చదువు గట్టిపడటం, ఈ రెండూ ఆయనకు నచ్చినాయి. ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబే అన్నాడు.

అయితే ఒక తేడా మనం గమనించాలి. మన బడిలో 12 మంది పిల్లలు ఉండేవాళ్ళు, అయ్యవారికి అందరి ముఖాలూ తెలుసు. ఇంగ్లండులో ఒక్క మాస్టరు కింద వందలమంది పిల్లలను పెట్టి, గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం లాగా నడిపినారు. సాధనం ఒకటే, కానీ పిల్ల ముఖం చూసేవాళ్ళు తక్కువైనారు. సాధనం ఒక్కటే చాలదని ఇక్కడే తెలుస్తుంది.

పాత బడిలో లేనివి

ఇంతవరకు చదివి "అయితే పాత బడే మేలు" అని ఎవరైనా అనుకోవచ్చు. నేను అట్లా అనడం లేదు. అదే నివేదికలో ఆ బడుల లోపాలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది అర్థం. పిల్లలు చదివే పుస్తకాలు పద్యాల్లో ఉండేవి. ఆ భాష వాళ్ళు మాట్లాడే భాష కాదు. తెలుగు, కన్నడం లిపులు దగ్గరివి కాబట్టి ఒకటి చదవగలిగినవాడు రెండోది కూడా చదివేవాడు, కానీ అర్థం కాదు. తన భాష పద్యం కూడా అంతే. అక్షరాలు పలకడమే చదువు అయ్యింది. "కంఠతా వచ్చు, అర్థం అడగొద్దు" అనే మాట ఈ రోజు కూడా మనం నవ్వుతూ అంటుంటాం. ఆ నవ్వుకు 200 ఏండ్ల వయసు ఉంది.

రెండోది దండన. చదవని పిల్లవాడి చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారు. దాన్నే కోదండం వేయడం అంటారు. లేకపోతే ఆపకుండా గుంజీలు తీయించేవారు. భయపడే పిల్ల అడగదు. అడగని పిల్లకు ఏమి రాలేదో అయ్యవారికి తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. చదువు సాగాలంటే కూడా అది అవసరమే అని నాకు అనిపిస్తుంది.

మూడోది, అన్నిటికంటే పెద్దది: బడి బయట మిగిలినవాళ్ళు. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. నూటికి ఒక్కరు కూడా లేరు. 243 మంది ముస్లిం పిల్లలు ఉంటే వాళ్ళలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. పాత బడుల్లో బ్రాహ్మణ పిల్లలే ఉండేవారని కొందరు అనుకుంటారు గానీ, ఈ లెక్క ప్రకారం శూద్ర కులాల పిల్లలు 3,024 మంది. అంటే సగానికి దగ్గర. బ్రాహ్మణులు 1,187, వైశ్యులు 982, ఇతర కులాలు 1,205. అయినా జనాభాలో వెయ్యికి ఏడుగురే అంటే, మిగతావాళ్ళంతా అరుగు కిందనే నిలబడిపోయినట్టే కదా.

దీనికి ఒక కారణం క్యాంప్‌బెల్ దాచకుండా రాసినాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి మన నేతగాళ్ళ పని పడిపోయింది. జనం బీదవాళ్ళు అయినారు. కాళ్ళూ చేతులూ కదిలే వయసు రాగానే పిల్లలను పనికి పంపించాల్సి వచ్చింది. ఒకప్పుడు బడి ఉండిన ఊర్లలో బడి లేకుండా పోయింది. కంపెనీ అధికారే ఈ మాట రాసినాడంటే పరిస్థితి ఎట్లా ఉండిందో అర్థం చేసుకోవచ్చు. ఇది చదివేటప్పుడు నాకు పత్తి కాలంలో ఖాళీ అయ్యే బెంచీలే కళ్ళముందు కనిపించినాయి.

మా అవ్వ మాట కూడా ఇక్కడికే వస్తుంది. ఆమె పుట్టింది 1823లో కాదు, దానికి 100 ఏండ్లకు పైనే తర్వాత. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో 1874లోనే ఆడపిల్లల బడి పెట్టినాడు. అయినా మా అవ్వ అన్న పక్కన కూర్చుని చూడటంతోనే ఆగిపోయింది. చూస్తూ చూస్తూ ఆమె తన పేరు రాయడం నేర్చుకున్నది. ఎవరూ చెప్పకుండానే అంత నేర్చుకున్న మనిషికి ఒక పలక ఇచ్చి ఉంటే ఎంత చదివేదో అనిపిస్తుంది.

అర్థం కోసం పోరాడినవాళ్ళు

అర్థం లేని చదువును మార్చాలని పట్టుపట్టిన వాళ్ళలో మనకు బాగా తెలిసిన పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన చేసిన పని మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఆయన కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషకు అప్పుడు లిపి లేదు. ఆయన సవర భాషలో వాచకాలు తయారు చేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినాడు. బడి భాష రాలేదని పిల్లను వెనక బెంచీకి పంపకుండా, బడినే పిల్ల భాష దగ్గరికి తీసుకుపోయినాడు. తెలుగు పద్యానికీ తెలుగు పిల్లకూ మధ్య ఉన్న దూరం గురించి ఆయన అంత గట్టిగా మాట్లాడటానికి ఈ అనుభవం కూడా బలం ఇచ్చి ఉంటుందని నా ఊహ.

రిషివ్యాలీ నుంచి నలికలి దాకా

ఇప్పుడు మన కాలానికి వద్దాం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన విద్యాలయం ఉంది. దాని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే గది, ఒకే టీచరు, వేరే వేరే వయసుల పిల్లలు. పద్మనాభరావు, రమ అనే దంపతులు అక్కడ ఒక పద్ధతి తయారు చేసినారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసినారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. గోడమీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చూసుకుని, పిల్ల తనకు కావలసిన కార్డు తానే తీసుకుంటుంది. కొత్త పాఠం టీచరు దగ్గర, సాధన తోటి పిల్లలతో, చివరికి తనంతట తాను. ఈ సామగ్రి మొత్తం ఒక పెట్టెలో పట్టే బడి అని పేరు పొందింది.

ఈ పద్ధతిలో నా ప్రశ్నకు జవాబు దొరికింది. పిల్ల నెలరోజులు పనికి పోయి వచ్చిందనుకోండి. తరగతి ఎంత ముందుకు పోయినా ఆమె నిచ్చెన మీద ఆమె మెట్టు ఆమెకోసం అట్లానే ఉంటుంది. ఆగిన కార్డు తీసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. "నువ్వు లేనప్పుడు అయిపోయింది" అనే మాటే అక్కడ రాదు.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట తాలూకా టీచర్లు రిషివ్యాలీ పోయి ఈ పద్ధతి చూసి వచ్చినారు. యునిసెఫ్ సాయంతో తమ బడుల్లో మొదలుపెట్టినారు. అదే నలికలి. ఆడుతూ నేర్చుకో అని దాని భావం. 2009-10 నుంచి కర్ణాటక అంతటా సర్కారు కన్నడ బడుల చిన్న తరగతుల్లోకి వచ్చింది. మన ఊరి కన్నడ బడిలో చదివిన వాళ్ళను అడగండి, కార్డులు, మెట్లు, తట్టెలు అని గుంపులు, అన్నీ చెబుతారు.

నాలుగు వరుసలు, పెద్దపిల్లల సాయం, చదువును బట్టి పైమెట్టు: 1823లో మన పక్క సీమలో ఉన్న ఆ మూడూ ఇక్కడ మళ్ళీ కనిపిస్తాయి. ఈసారి కోదండం లేదు, ఆడపిల్లలు ఉన్నారు, అర్థం ఉంది. తెలుగు పల్లెల్లో తయారైన పద్ధతి కన్నడ బడులకు మేలు చేసింది. పలక హలగె అయినట్టే ఇదీ సరిహద్దు దాటింది.

మన తరగతికి నా మాట

చరిత్ర చదివి ఊరుకుంటే లాభం లేదు. పెద్ద ఖర్చు లేకుండా మన తరగతిలో చేయగలిగినవి కొన్ని రాస్తాను.

1. పలకలు మళ్ళీ తెద్దాం. టీచరు ప్రశ్న అడిగితే చెయ్యెత్తిన ఇద్దరే జవాబు చెబుతారు. అందరూ పలకమీద రాసి ఒకేసారి ఎత్తి చూపిస్తే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో టీచరుకు ఒక్క చూపులో తెలుస్తుంది. వెనక బెంచీ కూడా మాట్లాడినట్టే.

2. ఎక్కాలు అందరం కలిసి గొంతెత్తి చెబుదాం. తెలుగులో ఎక్కాలు, కన్నడంలో మగ్గి, ఉర్దూలో పహాడే. ఒక రోజు ఒక భాషలో చెబితే లెక్కా వస్తుంది, భాషా వస్తుంది.

3. 'ప' నుంచి 'హ' మాటల పటం ఒకటి గోడకు వేద్దాం. పక్కనే తెలుగు, కన్నడ అక్షరాలు. చాలా అక్షరాలు అక్కాచెల్లెళ్ళ లాగా ఉంటాయి. క, త, శ లాంటి తేడా ఉన్నవాటికి మాత్రం రంగు వేస్తే చాలు.

4. ఒకరికొకరు చెప్పుకుందాం. కానీ పాత బడి లోపం మళ్ళీ రాకూడదు. నేర్చుకున్న పిల్ల పాఠాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పుడే ఇద్దరికీ వచ్చినట్టు లెక్క.

5. పనికి పోయే పిల్లల కోసం తరగతికి ఒక కడితం పెడదాం. గుడ్డది కానక్కరలేదు, ఒక నోటుబుక్కు చాలు. ఏ రోజు ఏ పాఠం జరిగిందో, అందులో ముఖ్యమైన నాలుగు మాటలు వంతులవారీగా ఒకరు రాయాలి. తిరిగి వచ్చిన పిల్ల పేరు ముందు ఆమె ఆగిన పేజీ గుర్తు పెట్టాలి. ఒక తోడు పిల్ల రోజూ ఒక పేజీ చొప్పున ఆమెతో కూర్చోవాలి.

ఈ ఐదింటిలో నాకు ముఖ్యమైనది ఐదోది. తెలుగు బడిలో పిల్లల సంఖ్య గురించి పెద్దలు బాధపడుతుంటారు. కొత్త పిల్లలు చేరడం లేదని అంటారు. చేరినవాళ్ళు ఎందుకు నిలవడం లేదో కూడా చూసుకోవాలి కదా. ఒక పిల్ల తిరిగి వచ్చి గడప దగ్గర నిలబడితే, ఆమె పేజీ ఎక్కడో మనకు తెలిసి ఉండాలి. ఇసుకలో రాసినా, కార్డు మీద రాసినా, కంప్యూటరు తెరమీద రాసినా సాధనం పని అదే: పిల్ల ఆగినచోటు గుర్తుపెట్టుకోవడం, అక్కడి నుంచి చేయి పట్టుకుని నడిపించడం.

వచ్చే పత్తి కాలానికి ముందే మన తరగతి కడితం సిద్ధం చేసుకుందాం. మొదటి పేజీ నేను రాస్తాను. రెండో పేజీ ఎవరు రాస్తారో చెప్పండి.